గంగాలమ్మ గొంతు

మెయిల్ ‘హాయ్ అప్పలసూరి!’ అని మొదలైంది. పేరు పక్కన ఆశ్చర్యార్థకం కూడా పెట్టారు. వాళ్లు ఇంత ముద్దుగా పలకరించారంటే మనది ఏదో ఒకటి పోయిందన్నమాటే. ఈ సంగతి ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నేర్చుకున్నాను.

ఈసారి పోయింది నా ఎక్స్‌టెన్షన్. ‘గంగాలమ్మ అనే మీ ఎక్స్‌టెన్షన్‌ను మా స్టోర్ నుంచి తొలగించాం. దానికి వచ్చిన రివ్యూలు నిజమైన మనుషులు రాసినవి కావని మా సిస్టమ్ గుర్తించింది. ఇది మీకు నిరాశ కలిగించవచ్చని మేం అర్థం చేసుకోగలం.’ కింద సంతకం చోట ‘మీ నమ్మకం, భద్రత బృందం’ అని ఉంది. మనిషి పేరు లేదు, ఊరు లేదు, ఫోన్ నంబరు లేదు. కూర్మన్నపాలెం జంక్షన్లో బస్సెక్కేవాళ్ల జేబులు కొట్టేవాడికి కూడా ఒక పేరుంది. ఎస్సై పిలిస్తే పలుకుతాడు.

ఆ కంపెనీ పేరు నేను చెప్పను. చెప్పక్కర్లేదు కూడా, మీ జేబులోనే ఉంది. మీరు ఇంటర్నెట్లో ఏం చూడాలన్నా వాళ్ల బ్రౌజర్ కిటికీలోంచే చూడాలి. ఆ బ్రౌజర్‌కి మనకి కావలసినట్టు తగిలించుకునే చిన్న ప్రోగ్రామునే ఎక్స్‌టెన్షన్ అంటారు, సైకిలుకి కేరేజీ బిగించుకున్నట్టు. కేరేజీ నేను చేసి ఊరికే పంచిపెడతానన్నా కుదరదు. వాళ్ల కొట్లో పెట్టి, వాళ్ల దయ ఉన్నన్నాళ్లు ఉంచి, వాళ్లు తీసేస్తే నోరు మూసుకోవాలి. మధురవాడ కొండ మీద ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రోగ్రాములు రాసుకు బతికేవాణ్ణి, ఇంతకంటే నాకున్న హోదా ఏమీ లేదు.

ఆ ఎక్స్‌టెన్షన్ నేను రాసింది సత్యశ్రీ కోసం. నా భార్య, నా మేనత్త కూతురు. చిన్నప్పుడు రేచీకటి అనుకున్నది, పెద్దయ్యేకొద్దీ చూపుని పక్కల నుంచి తినుకుంటూ వచ్చింది. ఇప్పుడు గొట్టంలోంచి చూసినంత మేర మిగిలింది. ముక్కు తెరకి ఆనిస్తే ఒక్కో అక్షరమే కనబడుతుంది. పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెన్సీలో పనిచేస్తుంది. ఓడల్లో దిగిన సరుక్కి కస్టమ్స్ బిల్లులు పెట్టే ఆఫీసు అది. బీకాం ఫస్ట్ క్లాసులో పాసైన మనిషిని ఏళ్ల తరబడి టెలిఫోన్ దగ్గర కూర్చోబెట్టారు.

మేనేజరు భీమశంకరరావు గారిది కాకినాడ వైపు. మంచాయనే, అన్యాయం కూడా అండీ అంటూ మర్యాదగా చేస్తాడు. దిగుమతుల సీటు ఖాళీ అయినప్పుడు సత్యశ్రీ వెళ్లి అడిగితే, “మీకెందుకమ్మా ఈ శ్రమంతా? ఫోన్ దగ్గర హాయిగా ఉంది కదండీ,” అన్నాడట. ఆ హాయి తనకి అక్కర్లేదని ఆమె అక్కడే నిలబడింది. చివరికి ఆయన ఒక మెలిక పెట్టి ఒప్పుకున్నాడు. కొన్నాళ్లు ఆ సీట్లో కూర్చుని చెయ్యాలి, చెన్నై హెడ్ ఆఫీసు నుంచి ఆడిటర్ వచ్చిన రోజున ఆయన ఎదుట ఒక బిల్లు తప్పు లేకుండా పెట్టాలి. పెడితే సీటు ఆమెది. లేకపోతే మళ్లీ ఫోను.

పని కష్టం కాదు, ఆ పని చేసే వెబ్‌సైటు దరిద్రం. ఎవడో మహానుభావుడు బటన్లన్నిటికీ పేర్లు తీసేసి బొమ్మలు పెట్టాడు. ఒక బాణం, ఒక బుట్ట, ఒక మేఘం. మేఘం నొక్కితే ఏమవుతుందో కళ్లున్నవాళ్లకే తెలీదు. తెర చదివిపెట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ, పేరు లేని బటన్ని అవి మాత్రం ఏమని చదువుతాయి? బటన్, బటన్, బటన్ అని గొణుగుతాయి. పైగా ఆఫీసు కంప్యూటర్లో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే అధికారం చెన్నై వాళ్లది. బ్రౌజర్లో ఎక్స్‌టెన్షన్ మాత్రం పెట్టుకోవచ్చు. అందుకని రాశాను. మౌస్ ఏ బటన్ మీదికి వెళ్తే ఆ బటన్ పేరు తెలుగులో పలికేలా చేశాను.

మొదట పెట్టిన మెషీన్ గొంతు విని సత్యశ్రీ హెడ్‌ఫోన్లు పీకి పడేసింది.

“పడిశం పట్టిన వార్తలోడిలాగున్నాడు బావా. ఈడు సెప్పింది ఇనీకంటే నాను ఫోన్ కాడే కూకుంటాను,” అంది. “మాయమ్మ సేత సెప్పించకూడదేటి?”

వాళ్ల అమ్మ, అంటే మా మేనత్త గంగాలమ్మ, ఫిషింగ్ హార్బర్లో చేపల వేలం పాడుతుంది. బోటు ఇంజన్ల మోతని కోసుకుంటూ వెళ్లే గొంతు ఆమెది. కూతురికి చూపు తగ్గుతోందని తెలిసిన దగ్గర్నుంచి చెయ్యి పట్టుకుని నడిపించలేదు, నోటితోనే నడిపించింది. మెట్టుంది తల్లీ ఆగు. ఎడం పక్కన కుక్కుంది, ఏటీ సెయ్యదు, ఎల్లు. సత్యశ్రీ ఊరంతా తిరగడం నేర్చుకున్నది ఆ గొంతు పట్టుకునే. ఫ్యాన్ ఆపేసి, చెమటలు కారుతుంటే, ఆ గొంతులో బటన్లన్నీ రికార్డు చేశాను. ‘ఇదిగో ఇది సబ్మిట్, నొక్కు తల్లీ.’ ‘ఓలమ్మ, అది కేన్సిలు, సెయ్యి తియ్యి.’ ఆ ఫైళ్లన్నీ నేను అద్దెకి తీసుకున్న సర్వర్లో పెట్టాను, ఎక్స్‌టెన్షన్ అక్కడి నుంచి తెచ్చుకుని వినిపిస్తుంది. సత్యశ్రీ చెయ్యి ఆ తర్వాత తెర మీద పరిగెత్తింది.

స్టోర్లో పెట్టాక జనం కూడా పట్టుకున్నారు. కూర్మన్నపాలెంలో స్టీల్ ప్లాంటు నుంచి రిటైరై, కంట్లో శుక్లాలు పెట్టుకుని, కొడుకులు కొనిచ్చిన లాప్‌టాప్ ముందు బిక్కమొహం వేసుకునే పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. కరెంటు బిల్లుకీ, పెన్షన్ సైటుకీ, రైలు టికెట్లకీ బటన్ల పేర్లు చెప్పించాను. గంగాలమ్మ తల్లీ అంటుంటే రిటైరైన ఫోర్‌మెన్లు కూడా బుద్ధిగా నొక్కారు. సంతోషం పట్టలేక రివ్యూలు రాశారు. ఆ రివ్యూలే మా కొంప ముంచాయి.

ఎందుకో రెండో మెయిల్లో చెప్పారు. ‘రివ్యూ రాసినవారి పేర్లలో అసాధారణమైన పోలిక ఉంది. ఇది ఒకే వ్యక్తి సృష్టించిన ఖాతాలకు గుర్తు.’ పోలిక నిజంగానే ఉంది మరి. అప్పలనాయుడు, అప్పలరాజు, పెద అప్పలరాజు, అప్పలనరసమ్మ, అప్పలకొండ, అప్పలస్వామి, అప్పలరాము. ఎక్స్‌టెన్షన్ రాసినవాడి పేరు అప్పలసూరి. సింహాచలం కొండ మీద అప్పన్న ఉన్నాడు. ఆయనకి మొక్కుకుని కన్నవాళ్లకి ఆయన పేరే పెట్టుకుంటారు. ఇటు విజయనగరం నుంచి అటు అనకాపల్లి దాకా ఏ వీధిలో నిలబడి ‘అప్పలా’ అని కేకేసినా నాలుగు తలుపులు తెరుచుకుంటాయి. ప్రపంచంలో ఉన్న ప్రతి వీధినీ ఫొటో తీసి పెట్టుకున్న మహా మేధావులకి ఆ వీధుల్లో ఎవరుంటారో తెలీదు. మా వైపు ఎవణ్ణైనా బావ అనే పిలుస్తారు. మా వాళ్లు ‘బావ, అదిరింది’ అని రాసినవాటిని అనువాదం చేసుకుని, సొంత బంధువుల చేత రాయించుకున్నానని ఇంకో నేరం కూడా అంటగట్టారు.

అప్పీలు పెట్టాను. ఊపిరి తీసుకునేలోపల తిరుగుటపా వచ్చింది, ‘మా నిపుణులు క్షుణ్ణంగా పరిశీలించారు’ అని. సహాయం కోసం వాళ్ల ఫోరంలో రాస్తే, పేరు పక్కన మెరిసే నక్షత్రం ఉన్న ఒక స్వచ్ఛంద పండితుడు బ్రౌజర్‌ని ఒకసారి మూసి తెరవమన్నాడు. జీతం లేకుండా ఆ కంపెనీ గడప తుడిచే ఇలాంటివాళ్లని చూస్తే నాకు కంపెనీ మీద కంటే ఎక్కువ అసహ్యం పుడుతుంది.

ఆఫీసులో నా పక్క సీటు సుమంత్‌ది. ఇలాంటివి రెండు పోగొట్టుకుని రాటుదేలిపోయినవాడు. నా మొహం చూసి నవ్వాడు.

“ఆళ్లతో వాదించడమేటి బావ? గోడతో మాటాడు, అది నయం. గోడ మర్యాదగా ఊరుకుంటాది,” అన్నాడు. “మొన్న నీకేదో మెయిలొచ్చింది కదా, ఎక్స్‌టెన్షన్ కొంటామని? అమ్మీ.”

అలాంటి మెయిళ్లు నెలనెలా వస్తుంటాయి. మనం చేసినదాన్ని కొని, లోపల ప్రకటనలు దూర్చి, వాడేవాళ్ల వెనకాల తిరిగి వాళ్లు ఏం చూస్తున్నారో రాసుకునే గుంపులు అవి. నేను జవాబు కూడా ఇవ్వలేదు. అమ్మడం చేతకాక కాదు, అది మా అత్త గొంతు.

“ఇంకోసారి అప్పీలు ఎడతాను. ఆడిటరొచ్చీలోపల తేలాలి,” అన్నాను.

రెండో అప్పీలు ఫారంలో వీడియో పెట్టమని అడిగారు, రివ్యూ రాసినవాళ్లు నిజంగా ఉన్నారని చూపించే వీడియో. అర నిమిషం దాటకూడదు. సరే, ఆదివారం పొద్దున్న అప్పలలందరినీ అప్పలనాయుడు గారి వీధి అరుగు దగ్గర పోగేశాను. ఆయన ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు గానీ, సంగతి వినేసరికి ఆయనకి ఎక్కడ లేని కోపం వచ్చింది.

“నానున్నానని ఆడికి నాను సెప్పుకోవాలేటి? ఎవుడాడు? నా పెళ్లికొచ్చినాడా, నా పెన్షనిచ్చినాడా?”

“ఆడేటీ ఇవ్వనేదు గానీ, సెప్పకపోతే సత్యశ్రీ సీటు పోతాది మావా,” అన్నాను.

ఆ పిల్ల పేరు వినగానే తగ్గాడు. అప్పలనరసమ్మ అయితే ఆధార్ కార్డు కూడా పట్టుకొచ్చి కెమెరాకి అడ్డంగా పెట్టింది. ఒక్కొక్కరూ ముందుకొచ్చి పేరు చెప్పి వెనక్కి వెళ్లారు. ముసలివాళ్లు, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, కళ్లు చికిలించి ఫోన్ ఎక్కడుందో వెతుక్కుంటూ, తాము బతికే ఉన్నామని చెప్పుకున్నారు. తీస్తున్న నాకు సిగ్గేసింది. ఎవడికో మా మనుషుల్ని ఇలా వరసలో నిలబెట్టి చూపిస్తున్నందుకు ఒళ్లు మండిపోయింది.

జవాబు ఇలా వచ్చింది. ‘మీ వీడియోలోని వ్యక్తులు ఒకే చోట, ఒకే సమయంలో, ఒకరి సూచన మేరకు ప్రవర్తించినట్టు గుర్తించాం. ఇది కూడబలుక్కుని చేసిన మోసానికి రుజువు. మీ డెవలపర్ ఖాతాను శాశ్వతంగా మూసివేస్తున్నాం.’ రుజువు తెమ్మన్నదీ వాళ్లే, తెచ్చిన రుజువుతో ఉరేసిందీ వాళ్లే. దాని కింద, ఈ సేవ మీకు ఎంత నచ్చిందో చెప్పమని ఐదు నక్షత్రాలు పెట్టారు.

ఇక దొడ్డిదారే మిగిలింది. స్టోర్‌తో పని లేకుండా ఎక్స్‌టెన్షన్‌ని సత్యశ్రీ ఆఫీసు కంప్యూటర్లో నేనే స్వయంగా ఎక్కించాను. అలా ఎక్కిస్తే బ్రౌజర్ తెరిచినప్పుడల్లా ‘ఇది ప్రమాదకరం కావచ్చు, తీసేయమంటారా?’ అని ఒక పెట్టె వస్తుంది. అది బ్రౌజర్ సొంత పెట్టె కాబట్టి దాన్ని గంగాలమ్మ చదవలేదు. కళ్లు కనబడనివాళ్ల కోసం చేసినదాన్ని తీసేయమంటారా అని, కళ్లు కనబడేవాళ్లకి మాత్రమే తెలిసేలా అడుగుతారన్నమాట. ఎంటర్ నొక్కితే తీసేస్తుంది, ఎస్కేప్ నొక్కితే ఊరుకుంటుంది. పొద్దున్నే కుర్చీలో కూర్చోగానే ఎస్కేప్ నొక్కడం సత్యశ్రీకి దండం పెట్టుకున్నంత అలవాటైంది.

ఆడిటర్ వచ్చే వారంలోనే సుమంత్ తన తెర నా వైపు తిప్పాడు.

“బావ, మీ అత్తని సూడు.”

స్టోర్లో అన్నిటికంటే పైన ఒక కొత్త ఎక్స్‌టెన్షన్ కూర్చుంది. ‘టాకింగ్ బటన్స్ గోల్డ్’ అట. పక్కన నీలం టిక్కు, ‘ధ్రువీకరించిన సంస్థ’ అని. ఎవడో నా ప్రోగ్రామంతా ఉన్నదున్నట్టు ఎత్తుకెళ్లి రంగు మార్చాడు. వాడికి వచ్చిన రివ్యూలన్నీ ‘వెరీ నైస్ ప్రొడక్ట్’ అని ఒకే ముక్క. రాసినవాళ్ల పేర్లు మాత్రం తలో రకం. ఆ పేర్లు కలవలేదు కాబట్టి వాళ్లు నిజమైన మనుషులు.

పెట్టి విన్నాను. ముందు ఒక తీయటి ఆడగొంతు, ‘ఐస్‌లో భద్రపరిచిన తాజా చేపలు, మీ ఇంటి గుమ్మానికే’ అంది. తర్వాత మా అత్త, ‘ఇదిగో ఇది సబ్మిట్, నొక్కు తల్లీ’ అంది. ప్రతి బటన్‌కీ అంతే, ముందు ఐసు చేపలు, వెనకాల మా అత్త.

కోపంలో కళ్లు తిరిగాయి. లోపల ఏముందో విప్పి చూశాక మాత్రం నవ్వొచ్చింది. వాడు ఎంత సోమరి దొంగంటే, గొంతు ఫైళ్లు కూడా కాపీ చేసుకోలేదు. నా సర్వర్ అడ్రసు అలాగే వదిలేశాడు. వాడి కస్టమర్ ఎక్కడ మౌస్ కదిపినా గంగాలమ్మ నా దగ్గర్నుంచే వెళ్లి పలుకుతోంది. ఆ ఫైళ్లు మార్చే తాళం నా చేతిలో ఉంది.

ఇంటికి వెళ్లి సత్యశ్రీతో ఆ గోల్డ్ పేరు మన ఇంట్లో వినబడకూడదని గట్టిగా చెప్పాను. మర్నాడు ఆమె ఆఫీసుకి వెళ్లి, మనది మాత్రం సర్వర్లో వేరే ఫోల్డర్లోంచి చదువుకునేలా మార్చి పెట్టాను. ఇక ఆ పాత ఫోల్డర్లో నేనేం పెట్టినా అది దొంగ కొట్టుకే చేరుతుంది. ఆడిటర్ వచ్చే రోజు పొద్దున్న సత్యశ్రీని బస్సెక్కించి, నేను లాప్‌టాప్ పట్టుకుని హార్బర్‌కి పోయాను.

వేలం అప్పుడే అయింది. అత్త బోర్లించిన తట్ట మీద కూర్చుని టీ తాగుతోంది. సంగతంతా చెప్పాను. ప్రకటన కూడా వినిపించాను. ఆమె గ్లాసు కింద పెట్టేసింది.

“నా గొంతెత్తుకుపోయి, నా గొంతుతోటే ఐసు సేపలమ్మతన్నాడా? ఆడి సెయ్యిరగ! ఎక్కడుంటాడాడు?”

“ఎక్కడో తెల్దత్తా. ఉన్నా దొరకడు. గానీ ఒక పని సెయ్యొచ్చు. మళ్లీ రికార్డు సేద్దాం. సబ్మిట్ కాడ కేన్సిలని సెప్పు, కేన్సిల్ కాడ సబ్మిటని సెప్పు. ఇయ్యాళ సాయంత్రానికల్లా ఆడి కొట్టు మూతపడిపోద్ది.”

చెబుతుంటేనే నోట్లో బెల్లం వేసుకున్నట్టుంది. ఆ నీలం టిక్కు మొహాన పేడ కొట్టినట్టు ఊహించుకున్నాను. అత్త మాత్రం కొంగుతో చేతులు తుడుచుకుంటూ నా వంక చూసింది.

“ఇది ఆడింటాడేటి?”

“ఆడినడు. ఆడి కస్టమర్లింటారు.”

“ఆళ్లేటి సేసినార్రా మరి?”

“ఆడి సరుకు వాడతన్నారు కదత్తా.”

“ఆడి సరుకని ఆళ్లకి తెల్సేటి? గంగాలమ్మ సెప్పిందని నొక్కతారు. ఏలం పాటలో నాను ఎవుణ్ణన్నా తిడతాను, మొగుణ్ణి కూడా తిట్టినాను. సందువ సేపని సెప్పి పార సేప మాత్రం అమ్మనేదు. నాను తప్పు సెప్పను. తిట్టమంటే సెప్పు, సందేళ దాకా తిడతాను.”

ఎంత బతిమాలినా వినలేదు. చేసేది లేక తిట్లకే ఒప్పుకున్నాను. వలలు కుట్టేవాళ్లని కాసేపు ఊరుకోమని, గోడ పక్కన కూర్చుని మొదలుపెట్టింది. ఒక బటన్‌కి చెప్పిన తిట్టు ఇంకో బటన్‌కి చెప్పలేదు. ‘ఈ గొంతు నాది, గంగాలమ్మది. ఎత్తుకుపోయినోడి నోట్లో మన్నడ. నిన్ను కాదు తల్లీ, ఆణ్ణి. ఇదిగో ఇది సబ్మిట్, నొక్కు.’ ‘ఆడి ఐసు సేపలు పురుగులట్ట, ఆడి కొంపకి తలుపులూడ. ఓలమ్మ, అది కేన్సిలు, నువ్వు సెయ్యి తియ్యి.’ వలలు కుట్టేవాళ్లు పడీపడీ నవ్వారు. ఒకామె పక్కనుండి ఇంకో రెండు అందించింది కూడా. నాకు మాత్రం సగం పగే తీరినట్టుంది. అక్కడే కూర్చుని పాత ఫైళ్ల స్థానంలో ఇవి పెట్టేసి, ఆఫీసుకి వెళ్లిపోయాను.

భోజనాల వేళ సత్యశ్రీ ఫోన్ చేసింది. గొంతులో నవ్వు ఆగడం లేదు.

“బావా, మాయమ్మ సేత ఏటి తిట్టించినావు?”

నాకు అర్థం కాలేదు. “నువ్వెలాగిన్నావు? నీది వేరే ఫోల్డర్ కదా?”

“మనదెక్కడుంది? పొద్దున్న బ్రౌజర్ దానంతటదే అప్‌డేట్ అయిపోనాది. నీ భద్రత కోసమని మనదాన్ని పీకేసినాది. ఎస్కేప్ నొక్కినా అంతే, ఏటి నొక్కినా అంతే. ఎనకాల సూస్తే ఆడిటర్ కుర్సీ యేసుకుని కూకున్నాడు.”

“మరేటి సేసినావు?”

“ఏటి సేత్తాను? ముక్కు తెరకానించి స్టోర్లో ఎతికినాను. పైనే ఉంది, నువ్వు పేరెత్తొద్దన్నది. ఎట్టీసినాను.”

“నాకొక్క ఫోన్ సెయ్యకూడదేటి?”

“నీకు ఫోన్ సేసి నీ తిట్లు తిని, నీ పర్మిషనొచ్చీ దాకా ఆణ్ణి కూకోమంటానేటి? నా సీటు బావా అది.”

మొదటి బటన్ మీద మౌస్ పెట్టగానే ఐసు చేపలు వచ్చాయట, వాటి వెనకాలే అమ్మ. నోట్లో మన్నడ అనేసరికి సత్యశ్రీకి నవ్వు ఆగలేదట. ఆడిటర్, ఏమైందమ్మా అని అడిగాడట. మీరే వినండని ఈమె హెడ్‌ఫోన్ వైరు లాగేసింది. ఆఫీసంతా గంగాలమ్మ మోగిపోయింది. ఆడిటర్‌కి తెలుగు రాదు, ఎవరో అనువాదం చేసి చెప్పారట. ఆ తిట్ల మధ్యలోనే బిల్లు ఒక్క తప్పు లేకుండా పెట్టేసింది. ఆడిటర్ సంతకం పెట్టాడు. భీమశంకరరావు గారు దగ్గరికొచ్చి, “సీటు మీదేనమ్మా, సంతోషమండీ. ఆ తిట్లు మాత్రం హెడ్‌ఫోన్‌లోనే వినండమ్మా, కస్టమర్లొస్తుంటారు,” అన్నాడట.

సంతోషంగా ఏదో అన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక ఒక సంగతి తట్టింది. అత్త నేను అడిగినట్టు చెప్పి ఉంటే? ఆడిటర్ ఎదుట, అమ్మ గొంతు ‘ఇది సబ్మిట్, నొక్కు తల్లీ’ అంటే సత్యశ్రీ ఒక్క క్షణం కూడా ఆలోచించేది కాదు. ఆ గొంతు చెబితే పొంగి పారే గెడ్డనైనా దాటేస్తుంది. బిల్లంతా చెరిగిపోయేది, సీటు పోయేది, ఎందుకు పోయిందో కూడా ఆమెకి తెలిసేది కాదు. సాయంత్రం దాకా తెర మీద ఒక్క లైను రాయలేకపోయాను.

ఇంటికి వెళ్లేసరికి అత్త వచ్చి ఉంది. కూతురికి సీటు వచ్చిందని మంచి చందువలు పట్టుకొచ్చి పులుసు పెట్టింది. ముగ్గురం కంచాల ముందు కూర్చున్నాం. సత్యశ్రీ జరిగిందంతా మళ్లీ చెప్పింది. అత్త పొంగిపోతూ, వడ్డిస్తూ వడ్డిస్తూ మామూలుగా అనేసింది.

“ఈడు సెప్పినట్టు సేసుంటే నీ పని గోవిందే. సబ్మిట్ కాడ కేన్సిలనమన్నాడే.”

 సత్యశ్రీ నేను కూర్చున్న వైపు మొహం తిప్పింది.

“నిజమేటి బావా?”

“నువ్వది వాడతావని నాకు తెల్దు కదే! ఆ దొంగెదవని దెబ్బ కొడదామనుకున్నాను. ఆడి కస్టమర్లెవుళ్లో...”

“నాను కాకపోతే నాలాటిదే ఇంకొకర్తి. దాని ఎనకాలా ఒక ఆడిటర్ కూకునుంటాడు.” అరవలేదు, ఏడవలేదు. ఆ కంపెనీ గురించి నేను మాట్లాడేటప్పుడు నా గొంతు ఎలా ఉంటుందో, అప్పుడు ఆమె గొంతు సరిగ్గా అలాగే ఉంది. “ఆళ్ల లెక్కలో అప్పలలందరూ ఒకడే. నీ లెక్కలో సూపు లేనోళ్లందరూ ఆడి కస్టమర్లే. ఆళ్లకీ నీకూ తేడా ఏటి బావా?”

  అత్త మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కూతురి కంచంలోకి మరో ముక్క వేసింది.

“ముల్లుంది తల్లీ, ఎడం పక్కన. సూసుకు తిను.”

నా కంచంలోనూ చందువే ఉంది. అందులో ముల్లు ఎక్కడుందో నాకు ఎవరూ చెప్పలేదు.